ఇసుక సంచుల మధ్య

చింతాద్రిపేట, మద్రాసు
7-2-1954

అక్కా,

"ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలయ్యే ఉత్తరాలంటే నాకు ఒళ్ళు మంట. క్షేమంగా ఉన్నవాడు పని మానుకుని ఉత్తరం ఎందుకు రాస్తాడు? నేను క్షేమంగా లేను. అందుకే రాస్తున్నాను.

నా ఎడమ కన్నుకు తెర పడుతోంది. నాటకాల వాళ్ళ తెర పైనుంచి దిగుతుంది. నాది కిందినుంచి లేస్తోంది. పోయిన వారం ప్రూఫులు దిద్దుతుంటే ముందు ఏవో మిణుగురులు మెరిశాయి. తర్వాత కాగితంలో అడుగు వరస మాయమైంది. మన కంపోజిటరు కన్నియప్పన్ మీద అరిచాను, అడుగు వరస ఎగరగొట్టావేమిరా అని. వాడు ఆ కాగితం తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "వరస ఈడనే ఉంది సార్, మీకే కానరాలా" అన్నాడు. అన్నాక వాడి మొహమే మాడిపోయింది.

పురసవాక్కంలో కొత్తగా పెట్టిన కంటాసుపత్రికి పోయాను. పెద్ద డాక్టరు కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పొర ఊడిందట, తేమకి గోడకాగితం ఊడినట్టు. ఆపరేషను చేసి మళ్ళీ అంటించవచ్చు. కానీ ముందుగా ఆ పొర తనంతట తాను వెనక్కి పోయి గోడకు ఆనుకోవాలి. అందుకు నేను చేయవలసింది ఏమిటో తెలుసా? ఏమీ చేయకపోవడం! వెల్లకిలా పడుకోవాలి. రెండు కళ్ళకీ గుడ్డ కడతారు. తలకి అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెడతారు. తల తిప్పకూడదు, దగ్గకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, కోప్పడకూడదు. "ఎన్నాళ్ళు?" అన్నాను. "ఆనుకునేదాకా" అన్నాడు. "ఆనుకోకపోతే?" అన్నాను. చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అక్కా, నాకున్నది ఈ ఒక్క కన్ను. కుడిది నా అయిదో ఏట అమ్మవారికి ఇచ్చేశాం. ఇచ్చింది నేను కాదు, నాన్న. ఒళ్ళంతా పోసి నేను కాలిపోతుంటే ఆయన వసారాలో కూర్చుని "స్వామి ఉన్నాడు, మనం కదలకూడదు" అన్నాడు. స్వామి ఉన్నాడు. నా కన్ను లేదు. నమ్మకం అని పేరు పెట్టుకుని ఈ దేశంలో మనుషులు చేతులు ముడుచుకు కూర్చున్నందుకు ఎన్ని కళ్ళు పోయాయో, ఎందరి పొలాలు పోయాయో పాతికేళ్ళుగా పత్రికలో రాస్తున్నాను. లేవండి, అడగండి, కదలండి అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి పట్టుకుని ఇప్పుడు "కదలకు" అంటారా? ఇంతకంటె వెటకారం ఉందా?

రేపు చేరతాను. నువ్వు రావద్దు. నీ మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కలేవు. పైగా మొన్న మన మధ్య రాష్ట్రం సరిహద్దు గీశారు. నువ్విప్పుడు పొరుగు రాష్ట్రం దానివి. మొక్కులు మొక్కవద్దు. నెల్లూరు రంగనాయకులకి నా పేరున అర్చన చేయించావని తెలిసిందా, కట్టు విప్పుకుని వచ్చి మరీ పోట్లాడతాను. యుగాల తరబడి పడుకునే ఉన్న దేవుడు నా కంటికి ఏం చేస్తాడు? ముందు ఆయన్ని లేవమను.

కోపంతో, ఇంకా కనిపిస్తున్న సగం కంటితో,
వరదయ్య


కంటాసుపత్రి, పురసవాక్కం, మద్రాసు
12-2-1954

పూజనీయురాలగు సోదరీమణి పాదపద్మములకు,

నీ అనుజుడు వరదయ్య సాష్టాంగముగా నమస్కరించి వ్రాయించునది. నా నేత్రద్వయమునకు శ్వేతవస్త్రము బంధింపబడినది. శిరస్సునకు ఇరుపార్శ్వముల ఇసుక సంచులు కావలి కాయుచున్నవి. అంధకారమే నా చెలికాడు. ఇచటి వైద్యులు కరుణామూర్తులు. పరిచారకుడు మారిముత్తు చెంచాతో జావ పోయుచుండగా కన్నతల్లి జ్ఞప్తికి వచ్చుచున్నది. నాకు ఎవరిపైనను కోపము లేదు. ఏ లోటును లేదు. నీవు దుఃఖింపవలదు. మానవుడు తలచునది ఒకటి, విధి ఆడించునది వేరొకటి కదా!

సర్వము శాంతి.

ప్రియ సోదరుడు,
వరదయ్య


రంగనాయకులపేట, నెల్లూరు
15-2-1954

ఒరే వరదా, నాయనా,

నువ్వు బతికి ఉండావా? ఉంటే నీ నోటితో ఒక్క మాట చెప్పి రాయించు. ఆ ఉత్తరం వచ్చినప్పటినించి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సోదరీమణి ఎవురురా? నీకు నలభై ఎనిమిదేండ్లొచ్చినాయి, ఒక్కనాడన్నా నన్ను అట్ట పిలిచినావా? డాక్టర్లు కరుణామూర్తులంట! నువ్వు ఒక మనిషిని మెచ్చుకోవాలంటే వాడు చచ్చి ఏడాదన్నా కావాల. పక్కింటి అమ్మణి చదివి, "బాగుండారు గదక్కయ్యా, కోపం కూడా లేదని రాసినారే" అనింది. నేను గోడకానుకుని కూలబడినా. వాడికి కోపం లేదంటే వాడి కత అయిపోయినట్టే గదే అన్నా. నిజంగా ఉండావంటే నన్ను ఒక్క తిట్టు తిట్టి రాయించు. చిన్నదైనా చాలు.

ఉండావనే అనుకుని నీ మొదటి ఉత్తరానికి జవాబు చెప్తా.

నాన్న నమ్మకంతో కూర్చున్నాడని నీకు ఎవురు చెప్పినారు? నేను ఆడనే ఉండా, పదమూడేండ్ల దాన్ని. నాన్న మోకాళ్ళు వణకతా ఉండె. పండ్లు గిట్టకరిచి ఉండె. నోటితో స్వామి అంటా ఉండాడు, కండ్లు వాకిలి మీదే ఉండాయి, చావు ఎప్పుడు లోపలికొస్తాదో అని. భయంతో బిగుసుకుపోయినోడు కదలడు. నమ్మి నెమ్మదించినోడూ కదలడు. చూసేదానికి రెండూ ఒకటే. చెయ్యి పెట్టి చూస్తే ఒకటి కొయ్య, ఇంకోటి నిద్రపోయే బిడ్డ. నువ్వు కొయ్యని చూసి ఇన్నేండ్లూ బిడ్డని తిట్టినావు.

రంగనాయకుల్ని లేవమన్నావు. నిన్న పోయి చూసినా. అర్చన చేయించలేదు, నీ మాట దాటలేదు. ఊరికే నిలబడి చూసినా. ఆయన పడుకోనుండేది పనిలేక కాదురా. దేని మీద పడుకోనుండాడో ఎప్పుడన్నా చూసినావా? పాము మీద! పాము మీద పడుకుని ఆ మొగంలో ఆ నెమ్మది. నువ్వు పరుపు మీద పడుకుని బుసలు కొడతా ఉండావు.

తిట్టు కోసం వాకిట్లో కూర్చోనుండే
గోవిందమ్మ


పురసవాక్కం
18-2-1954

అక్కా,

మొండి ముసలిదానా, నేనింకా చావలేదు. ఇది చాలా, ఇంకా కావాలా?

ఈ ఉత్తరం రాస్తున్న మహానుభావుడి పేరు సుందరం. కోడంబాక్కంలో ఒక సినిమా కంపెనీలో సంభాషణలు సాఫు రాసే ఉద్యోగం. పక్క మంచంలో ఉన్న వీడి తండ్రికి శుక్లం తీశారు. "డాక్టరు రాక్షసుడు, మారిముత్తు పోసే జావ సగం చెవిలోకి పోతోంది" అని నేను చెబితే, వీడు కరుణామూర్తులనీ కన్నతల్లి అనీ రాశాడు. నీ జవాబు వచ్చాక నిలదీశాను. "పేషంటు ఇంటికి జాబు రాసే సీను కదా సార్, కొంచెం ఇంపుగా ఉండాలని" అన్నాడు. ఇకమీదట నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటి వదలకుండా రాయాలని ఒట్టు వేయించుకున్నాను.

కొయ్య, బిడ్డ అన్నావు. బాగుంది. అచ్చు వేయదగ్గ వాక్యం. కానీ వాక్యం బాగున్నంత మాత్రాన నిజమైపోతుందా? నేనడుగుతున్నాను: ఆ నిద్రపోయే బిడ్డ ఉన్న ఇల్లు అంటుకుంటే? నిద్ర గొప్పదని పాడుతూ కూర్చుంటావా? ఈ దేశంలో నిద్రపోమని జోలపాడేవాళ్ళకి కొదవా? జమీందారు పాడాడు, దొర పాడాడు, ఇప్పుడు మన... సార్ మెల్లగా, సిస్టరమ్మ ఈ పక్కే చూస్తా ఉంది... చూడనీవయ్యా! ఆవిడకి భయపడి నేను... ఒరే, అది రాయకు. మీరే కదా సార్ ఒక్క మాట వదలొద్దని ఒట్టు వేయించినారు. సరే, రాసి చావు.

సుందరం, ఇక్కడినుంచి నిదానంగా రాయి.

అక్కా, పడుకోవడం నాకు చేతకావడం లేదు. పెరంబూరు వైపు రైలు కూస్తే తల అటు తిరుగుతుంది. ఎవడో ఎవణ్ణో కసిరితే తప్పెవరిదో తేల్చడానికి తల లేస్తుంది. మొన్న మారిముత్తు ఒక ముసలాయన్ని "సుమ్మా పడు తాతా" అని, ఊరికే పడి ఉండమని కసిరాడు. నేను సగం లేచి రోగుల హక్కుల మీద ఉపన్యాసం ఇచ్చాను. ఆ ముసలాయనే, "నువ్వు పడుకో నాయనా, నాకు నిద్రొస్తా ఉంది" అన్నాడు. ఇవాళ డాక్టరు కట్టు విప్పి చూశాడు. పొర వెంట్రుక మందం కూడా వెనక్కి పోలేదట. ఇలాగే ఉంటే కత్తి పట్టనన్నాడు.

సంగతేమిటంటే, కదలకుండా ఉంటే పాడె మీద ఉన్నట్టు ఉంటుంది. చదవలేని, రాయలేని, అరవకూడని వరదయ్య అంటే ఎవడు? ఆ గుడ్డ కింద వెతుకుతాను, ఎవడూ దొరకడు. అప్పుడు భయమేస్తుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు సుందరానికి కూడా తెలిసిపోయింది.

నీకు ఈ పడుకునే విద్య తెలిసినట్టుంది. ఆ ఉపాయం రాసి పంపు. దేవుణ్ణి తీసేసి పంపు. ఉపాయం మాత్రం చాలు.

వరదయ్య


నెల్లూరు
21-2-1954

నాయనా వరదా,

తిట్టు అందింది. ప్రాణం లేచొచ్చింది.

దేవుణ్ణి తీసేసి పంపమన్నావు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరబోయినా, ఏది బియ్యమో ఏది రాయో నాకే తెలియకుండా పోయింది. తెలిసిన మటుకు చెప్తా.

పడుకోంగానే ముందు ముక్కు మీద దురద పుడతాది. గోకబాక. అదే అలిసిపోయి పోతాది. మొదటి దినం చెవులు చేటలంత అవుతాయి. ఎవురు నడిచినా మన మీదికే వస్తా ఉండారనిపిస్తాది. రెండో దినం ఎందుకో తెలియకుండా ఏడుపొస్తాది. గుడ్డ తడిస్తే కండ్లు మండతాయి, జాగ్రత్త. ఆ తర్వాత ఒక సంగతి తెలుస్తాది. అంతవరకూ మనం మంచాన్ని మోస్తా ఉంటాం. మెడ, భుజాలు, దవడ అన్నీ బిగబట్టి, మనం వదిలితే మంచం పడిపోతాదేమో అన్నట్టు. ఒక్కొక్కటే వదిలి చూడు. మంచమే నిన్ను మోస్తా ఉండాది. మంచం కింద నేల ఉండాది. నేల కింద ఏముండాదో నేను చెప్పను, నువ్వు తీసేయమన్నావు గదా.

భయం వస్తే తరమబాక. దాంతో వాదించబాక. వాదించినావా, కుర్చీ వేసుకుని కూర్చుంటాది. వచ్చినావా, సరే అను. నీకు అలవాటు లేని పని, అయినా అను.

నా గురించి అడగబాక. బాగుండా.

గోవిందమ్మ


పురసవాక్కం
24-2-1954

గోవిందమ్మగారికి సుందరం నమస్కారాలు.

ఇది నేను సొంతంగా రాస్తున్న కార్డు. మీ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు, చేతిరాత పోయిన ఉత్తరంలోది కాదు సార్ అన్నాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. "కళ్ళు పోయి మంచాన పడ్డవాళ్ళకి తప్ప ఈ సంగతులు తెలియవు. చేతిరాత మారింది, తన గురించి అడగొద్దంది. అక్కకి ఏదో అయింది, దాస్తోంది" అన్నారు. నేను కిందికి పోయి టీ తెచ్చేలోగా కట్టు లాగేసి మెట్ల దాకా పోయినారు, సెంట్రల్ స్టేషనుకు పోయి నెల్లూరు రైలు ఎక్కుతానని. మారిముత్తు అడ్డంపడి పట్టుకున్నాడు. పొర ఇంకా జారిందట. మరొకసారి ఇట్ల జరిగితే ఇంటికి పంపేస్తామని డాక్టరు చెప్పినారు.

ఇప్పుడు మంచంలోనే ఉన్నారు. తిట్టడం లేదు. నాకు అదే భయంగా ఉంది. మీకు ఏమైందో నిజం రాయండి. ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

సుందరం


నెల్లూరు
26-2-1954

ఒరే బుద్ధిలేనివాడా,

నాకేం కాలేదు. ఇది నా చేతిరాతే. ఆ సుందరాన్ని అక్షరాలు బాగా చూసుకోమను.

ఉపాయం పంపమన్నావు. నాకు తెలిస్తే గదా పంపేది! పెండ్లయినప్పటినించి పగటిపూట నడుం వాల్చింది ఏనాడు? అందుకని కండ్లకు గుడ్డ కట్టుకుని, తలకి ఒక పక్క బియ్యం మూట, ఒక పక్క ఉప్పు మూట పెట్టుకుని పడుకున్నా. నీకు ఎట్ట ఉంటాదో నాకు తెలియాల గదా. అమ్మణి అన్నం కలిపి నోట్లో పెడతా ఉండాది. పేటలో నాకు పిచ్చి పట్టిందని ఒకరు, దయ్యం పట్టిందని ఒకరు. తెలిసింది తెలిసినట్టు అమ్మణి చేత రాయించినా. గుడ్డ సంగతి మాత్రం రాయొద్దన్నా, నువ్వు మొక్కు మొక్కు అని ఎగురుతావని. దానికి నువ్వు మెట్లు దిగిపోతావని కలగన్నానా?

సుందరం నాయనా, ఇది వాడికి నిదానంగా చదువు.

వరదా, ఇది వాదం కాదు, జరిగింది. నాన్న కొయ్యబారిపోయిన ఆ పొద్దు నేను నిన్ను ఎత్తుకున్నా. నాకు అంతకుముందే అమ్మవారు పోసి తగ్గింది, నా మొగం మీద మచ్చలు నీకు తెలిసినవే. పెద్దోళ్ళు చూడకుండా నిన్ను దుప్పట్లో చుట్టి పెరటి దోవన మిషన్ ఆసుపత్రి దొరసాని దగ్గిరికి మోసుకుపోయినా. ఒక కన్ను అప్పటికే పోయిందనింది. రెండోది కడిగి మందేసింది. నాన్నకి తెలిస్తే చంపుతాడని చెప్పలేదు. ఆయన పోయినాక చెప్పేదానికి ఏముండాదిలే అని ఊరుకున్నా.

నీకు అది జ్ఞాపకం లేదు. ఎందుకు లేదో తెలుసునా? ఎత్తుకోంగానే గింజుకున్నావు, అరిచినావు, నా మెడ గీరినావు. నువ్వు గింజుకున్నంతసేపు నేను నాలుగడుగులు వేయలేకపోయినా. వీధి మలుపు తిరిగినామో లేదో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయినావు. యాడికి అని అడగలేదు. నాకే దారి సరిగ్గా తెలియదు. రంగా రంగా అంటా నడుస్తా ఉండా. నువ్వు మాత్రం నిద్రపోయినావు. నిద్రపోయినాకే నేను మోయగలిగినా.

నీకు నమ్మడం రాదని ఊరంతా చెప్పుకుంటా తిరగబాక. వచ్చు. మరిచిపోయినావు, అంతే.

నేను మళ్ళీ కట్టుకుంటా ఉండా. నీ కట్టు విప్పిందాకా నాది విప్పను. ఇది మొక్కే. కావాలంటే తిట్టుకో. పడుకుని తిట్టుకో.

గోవిందమ్మ


పురసవాక్కం
14-3-1954

అక్కా,

ఆపరేషను అయింది. వారం దాటింది. మళ్ళీ ఇసుక సంచుల మధ్యే ఉన్నాను. సుందరం తండ్రి ఇంటికి వెళ్ళిపోయాడు. అయినా సుందరం కోడంబాక్కం నుంచి బస్సెక్కి వచ్చి రాసిపెడుతున్నాడు. కూలీ ఇస్తానంటే, సంభాషణలు నేర్చుకుంటున్నాను సార్ అంటున్నాడు.

ముందు పోట్లాట. నీ మొక్కు మొక్కు కాదు, దౌర్జన్యం. నేను తల తిప్పితే నెల్లూరులో ఒక ముసలిది ఇంకొన్నాళ్ళు గుడ్డిగా పడి ఉంటుందని తెలిశాక నేను తల ఎలా తిప్పను? యజమానులు కూడా కూలివాళ్ళని ఇంత నేర్పుగా కట్టిపడేయలేరు.

నీ ఉత్తరం విన్నాక రెండు రోజులు నీతో మనసులో వాదించాను. ఒక్క లోపం దొరకలేదు. అందులో వాదమే లేదు, లోపం ఎక్కడ దొరుకుతుంది? మూడో రోజు మధ్యాహ్నం వార్డంతా భోంచేసి సద్దుమణిగింది. నా దవడ బిగుసుకుని ఉందని అప్పుడు తెలిసింది. ఆ రోజు కాదు, పాతికేళ్ళుగా బిగుసుకునే ఉందేమో. వదిలాను. తర్వాత మెడ వదిలాను. భుజాలు వదిలాను. మంచం పడిపోలేదు. భయం వచ్చింది. వచ్చావా, సరే అన్నాను. కూర్చోవడానికి కుర్చీ దొరకక అది కాసేపు నిలబడి ఉంది. ఆ పైన ఏమైందో తెలియదు. నిద్రపోయాను. మారిముత్తు జావ తెచ్చి లేపడానికి మనసొప్పక తిరిగి పట్టుకుపోయాడట. వాణ్ణి గురించి చెడ్డగా రాసింది కొట్టెయ్.

తర్వాత డాక్టరు చూసి, పొర వెనక్కి పోయి ఆనుకుందన్నాడు. "ఏం చేశారు?" అని అడిగాడు. "ఏమీ చేయలేదు" అన్నాను, నా జన్మలో మొదటిసారి.

అక్కా, ఒక్క సంగతి మాత్రం మింగుడుపడటం లేదు. ఆ రోజు భక్తురాలివైన నువ్వు లేచి నడిచావు. నాస్తికుణ్ణయిన నేను నిద్రపోయాను. దీన్ని ఏ పత్రికలో రాయను? ఎవరు నమ్ముతారు? లేవండి, కదలండి అని రాయడం నేను మాననులే. నువ్వు లేవకపోతే నాకు ఈ కన్ను కూడా లేదు. కానీ భయంతో లేచేవాడు వేరు, రంగా అంటూ లేచేదాని నడక వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నేను ఏ భయంతో అరిచానో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాన్న మీద కోపం తగ్గింది. పాపం, ఆయన్ని ఎత్తుకున్నవాళ్ళు లేరు కాబోలు.

నేను దేవుణ్ణి నమ్మానని నెల్లూరులో చాటింపు వేయించకు. నమ్మలేదని రాయమంటే అదీ రాయలేను, అబద్ధం రాసే అలవాటు లేదు. తల వాల్చాను. అది ఎవరి భుజమో కళ్ళకు గుడ్డ ఉంది కనుక చూడలేదు. మోస్తోంది. అంతమటుకు తెలుసు.

కట్టు ఎప్పుడు విప్పుతారో, విప్పితే ఏముంటుందో చెప్పరు. భయం ఉంది. ఉండనీ.

వరదయ్య


నెల్లూరు
18-3-1954

నాయనా వరదా,

అమ్మణి చేత రాయిస్తా ఉండా. నీ ఉత్తరం చదవతా చదవతా భుజం అన్న మాట కాడ ఈ పిల్ల ఆగిపోయింది. ఎందుకే ఆపినావు అంటే ముక్కు చీదతా ఉండాది.

నాకూ భయంగానే ఉండాది. నీకు నీతులు చెప్పినానే గానీ, పోస్టు వాని గంట వినపడితే నా గుండె కూడా జారతాది. అప్పుడు నేనూ దవడ వదలతా. ఇద్దరం ఒకే పాఠం చదువుకుంటా ఉండాం, అంతే.

ఒకటి మాత్రం విను. కట్టు విప్పినాక చీకటే ఉంటే, ఈడికి వచ్చెయ్. నువ్వు చెప్పు, నేను రాస్తా. నీ తిట్లు ఒక్కటి కూడా వదలను. కనపడితే మంచిది. కనపడకపోయినా కింద పడేది లేదు. నేలుండాది.

గోవిందమ్మ


పురసవాక్కం
3-4-1954

అక్కా,

ఇది నా చేతిరాత. వంకర టింకరగా ఉంటే సుందరాన్ని తిట్టకు, వాడు దూరంగా నిలబడి ఉన్నాడు.

నిన్న కట్టు విప్పారు. వెంటనే నల్ల కళ్ళద్దాలు పెట్టారు. అద్దం నిండా నలుపే, మధ్యలో మిరియపు గింజంత రంధ్రం. కన్ను అటూ ఇటూ పరిగెత్తకుండా ఉండేందుకట. ఆ రంధ్రంలోంచి ఎంత కనపడితే అంతే చూడాలి. నాకు ముందుగా కనిపించింది మారిముత్తు మీసం. దాని కింద పళ్ళు. నవ్వుతున్నాడు. నేను తల తిప్పకుండా సుందరాన్ని నా ముందుకి పిలిచాను. "సీను బాగా వచ్చింది సార్" అని ఏడ్చాడు. ఇంత పేలవమైన సంభాషణ వాడు ఏ సినిమాకీ రాసి ఉండడు.

సాయంత్రం కన్నియప్పన్ వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు, జేబులో ప్రూఫు మడిచి తెచ్చాడు. డాక్టరు చూడకుండా నా ముందు పట్టుకున్నాడు. అడుగు వరస వెతికాను. ఉంది. అందులో తప్పు కూడా ఉంది. అరిచాను. మెల్లగానే.

ఇంకా కొన్నాళ్ళు చదవకూడదు, పరిగెత్తకూడదు, కోప్పడకూడదట. ప్రయాణానికి సరేననగానే నెల్లూరు వస్తాను. రంగనాయకుల గుడికి తీసుకెళ్ళు. ఈ రంధ్రంలోంచి అంత పొడుగు దేవుడు ఒక్కసారిగా కనపడడు. పాదాల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా చూసుకుంటూ పోవాలి. ముందు ఆ పామును చూడాలి. మొహం దాకా ఎప్పటికి చేరతానో ఇప్పుడే మాట ఇవ్వను. తొందరేమీ లేదు. ఆయనెలాగూ లేచి పోడు.

అమ్మణీ, ఇంతవరకు నువ్వు చదివింది చాలు తల్లీ. కాగితం అక్క చేతిలో పెట్టు. ఆవిడ కట్టు విప్పు. అడుగు వరస ఆవిడే చదువుకోవాలి.

అక్కా, కనిపిస్తోందా? నాకు కనిపిస్తోంది.